గోలగోడ మీద మూడో ఫ్యాను

1

గోలగోడ కాపలా ఈసారి నా వంతుకు వచ్చింది. హనీఫ్ గారు చీటీ విప్పి "ఇంద్రజ" అని చదవగానే భోజనశాలలో నవ్వులు వినిపించాయి. నవ్వడంలో తప్పు లేదు. మా ఊరు గవ్వలో కంప్యూటర్ల గురించి ఏ అభిప్రాయమూ లేని మనిషిని నేనొక్కదాన్నే. నాకు తెలిసిందల్లా సొరపాదు, గోంగూర, కొత్తిమీర.

"అందుకే నువ్వు తగినదానివమ్మా," అన్నారు హనీఫ్ గారు. ఆయన మా ఊరి పెద్ద. "నీకు ఏ పక్షమూ లేదు. ఎవరైనా మరీ శ్రుతి మించితే ఆ మాట చెరిపెయ్. ఏం జరిగిందో నాలుగు ముక్కలు రాసిపెట్టు. నీ తర్వాత కాపలాకి వచ్చేవాళ్లకు పనికొస్తాయి."

ఇవి ఆ నాలుగు ముక్కలు.

పొద్దున తోటగదిలో ఫ్యాన్లకు కట్టిన గుడ్డలు విప్పి ఉతికాను. మా ముత్తాతలు అంతరిక్షంలో తిరిగే ఈ రాయిని లోపలికి తొలిచి నాలుగు వీధులు చేశారు. పైనుంచి చూస్తే గవ్వలా ఉంటుందని ఆ పేరు పెట్టారు. మంచు తవ్వి దారిన పోయే ఓడలకు ఇవ్వడం మా పని. ఎంత ఉతికినా గుడ్డల్లోంచి రాతిధూళి వదలదు. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి సొరకాయ కిందికి వేలాడాలా, పక్కకు పెరగాలా అని కొంతకాలం ఆలోచించుకుని చివరికి తనకు తోచిన వైపు పెరుగుతుంది. దాన్ని దారిలో పెట్టి, చేతులు కడుక్కుని, గోలగోడ తెరిచాను.

తెరిచేసరికి ఇద్దరు పోట్లాడుకుంటున్నారు. ఆ ఇద్దరూ ఎవరో చూడకుండానే చెప్పగలను.

2

గోలగోడ అంటే ఊరందరూ రాసుకునే తెర. ఎవరింట్లోంచి వాళ్లు రాయొచ్చు. దాని మీద పాటల గురించి రాసేవాళ్లు లేరు, వంటల గురించి రాసేవాళ్లు లేరు. అంతా మిషన్ల గొడవే. గాలి మిషను ఆగితే మనం ఆగుతాం కాబట్టి మిషన్ల మీద అందరికీ అభిప్రాయం ఉండటం సహజమే. కానీ తగువులు గాలి మిషను దగ్గర ఆగవు. ప్రతి గురువారం భూమి నుంచి వార్తల మూట వస్తుంది. అందులో కొత్త చిప్పుల కబుర్లు ఉంటాయి. ఆ చిప్పులు మా దాకా రావు. సరుకుల ఓడ ఏ నాలుగైదేళ్లకో వస్తే విత్తనాలు, మందులు, సూదులు తెస్తుంది. అయినా ఏ చిప్పు గొప్పదని వారం పొడుగునా కొట్టుకుంటారు. పిలవని పెళ్లిలో లడ్డూలు చిన్నవయ్యాయని అలిగినట్టుంటుంది నాకు.

ఊళ్లో పక్షాలు రెండు. కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ "చుక్క" అయితే మంచిదా, "నాగలి" అయితే మంచిదా అన్నది తగువు. చుక్క ఒక కంపెనీది. చూడ్డానికి అందంగా ఉంటుంది, లోపల ఏముందో కంపెనీ చూపించదు. నాగలికి యజమాని లేడు. ఎవరైనా విప్పి మార్చుకోవచ్చు, కాకపోతే చాకిరీ ఎక్కువ. ఊరి గాలిని, వేడిని చూసుకునే పెద్దమిషను మొదటినుంచీ చుక్క మీదే నడుస్తోంది.

నాగలి పక్షానికి గవర్రాజు బాబాయ్ పెద్ద. వేడినీళ్ల ప్లాంటు ఆయనే చూస్తాడు. గోడ మీద పేజీలకు పేజీలు రాస్తాడు. చుక్క పక్షానికి బడి టీచరు స్వరూపక్క పెద్ద. ఆమె ఒకటే వాక్యం రాస్తుంది, అది చాలు. ఈ రోజు పోరు లెక్క ఎక్కడ మొదలవ్వాలన్న దాని గురించి. చుక్క దేన్నయినా సున్నా నుంచి లెక్కపెడుతుంది, నాగలి ఒకటి నుంచి.

"మనిషన్నవాడు మామిడిపళ్లు లెక్కపెడితే ఒకటి నుంచి మొదలెడతాడు. సున్నాతో మొదలెట్టేవాడు పండు తినకుండా టెంక లెక్కపెట్టేవాడు," అని ఆయన రాశాడు. దాని కింద మరో మూడు పేజీలున్నాయి.

"గవర్రాజు గారు రాసింది సగం చదివిన. నిద్రొచ్చింది. లేచినంక మిగిలింది చదువుత," అని ఆమె రాసింది.

మధ్యాహ్నం భోజనశాలలో ఆ ఇద్దరూ ఎదురుపడ్డారు. "నమస్కారమండి టీచర్ గారు, చారు బావుందండి, పోసుకోండి," అన్నాడాయన గరిట అందిస్తూ. "మీరు పోసుకోండన్న, మీరు పెద్దోళ్లు," అంది ఆమె. గవ్వలో ఇదొక కట్టుబాటు. గోడ మాట గోడకే, ముఖం మీద మర్యాదే. నాలుగు వందల మందిమి ఒకే గాలి పీల్చాలి. ఎదురుగా నిలబడి కాదనుకుంటే బతకలేమని మా తాతల కాలంలో ఎవరో పెట్టి ఉంటారు. నాకు తెలిసి ఎవరూ తప్పలేదు.

3

ఈ గురువారం వార్తల మూటలో చివరన ఒక చిన్న వార్త ఉంది. నేనైతే దాన్ని దాటి వెళ్లిపోయేదాన్ని. స్వరూపక్క దాన్ని గోడ మీద పెట్టి కింద ఏమీ రాయలేదు. ఆమె ఏమీ రాయకపోవడం చూసి అందరూ చదివారు.

చుక్క కంపెనీ ఏటా ప్రతి మిషనుకూ ఒక ముద్ర పంపుతుంది. ఆ ముద్ర ఉంటేనే మిషను పనిచేస్తుంది. ఈ ఏడు చివరి నుంచి పాత చిప్పులున్న మిషన్లకు ముద్ర పంపరట. కొత్త మిషను కొనుక్కోవాలట. ముద్ర లేని మిషను లెక్కలు చూపిస్తుంది గానీ ఆజ్ఞలు తీసుకోదు.

అంటే ఫ్యాను తిప్పమంటే తిప్పదు. గాలి ఎంత చెడిపోయిందో మాత్రం చక్కగా అంకెల్లో చూపిస్తుంది.

నాగలి పక్షం వాళ్లు ముందు పండగ చేసుకున్నారు. "మేం ఎప్పుడో చెప్పాం" అని వరసగా రాశారు. కాసేపటికి ఒకరికి తట్టింది, తామూ ఆ గాలే పీలుస్తున్నారని. ఆ తర్వాత గోడ మీద ఎవరూ నవ్వలేదు.

4

హనీఫ్ గారు కంపెనీకి కబురు పెట్టారు. మాట భూమికి చేరి జవాబు తిరిగి రావడానికి అన్నం వండి వార్చేంత సేపు పడుతుంది. జవాబు వచ్చింది. "మీ సమస్య మాకు ఎంతో ముఖ్యం. దయచేసి మీకు దగ్గరలో ఉన్న మా దుకాణానికి మిషను తీసుకురండి."

హనీఫ్ గారు దాన్ని రెండుసార్లు చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రాసింది మనిషి కాదమ్మా, మిషనే," అన్నారు. "మనుషులకు చేరేదాకా పంపుతూనే ఉందాం. ఈలోగా మన దారి మనం చూసుకోవాలి."

రోజూ ఒకటి పంపుతున్నారు. రోజూ అదే జవాబు వస్తోంది.

5

ఆదివారం సభ జరిగింది. ఊరంతా భోజనశాలలో కూర్చున్నారు. గాలి సంగతి కాబట్టి గోడ మీద కాదు, ఎదురెదురుగా తేల్చుకోవాలని హనీఫ్ గారు అన్నారు. గవర్రాజు బాబాయ్‌నీ స్వరూపక్కనూ ముందు వరసలో పక్కపక్కన కూర్చోబెట్టారు. ఇన్నేళ్లుగా గోడ మీద తలలు పగలగొట్టుకున్న మనుషులు కదా, ఇక్కడే తేలిపోతుందని నాకు ధైర్యంగా ఉంది.

"గవర్రాజు గారూ, నాగలికి మారిపోదామంటారా?" అని హనీఫ్ గారు అడిగారు.

ఆయన లేచి నిలబడి కండువా సర్దుకున్నాడు. "ఆయ్, మారొచ్చండి. అయితే టీచర్ గారు చుక్కని ఎప్పట్నించో చూస్తన్నారు. ఆవిడ మాట కాదని నేనేం చెప్తానండి."

"అట్లేం లేదన్న," అంది స్వరూపక్క తల వంచుకుని. "నాగలి సంగతి మీకు తెలిసినంత నాకేం తెలుసు. మీరు ఎట్లంటే అట్లనే."

"అబ్బెబ్బే, మీరు చదువుకున్నోరు."

"మీరు అనుభవం ఉన్నోళ్లు."

ఇలా అరగంట నడిచింది. గోడ మీద ఆయన్ని "మాటల మిల్లు" అన్న మనిషి ఇప్పుడు ఆయన వైపు చూడకుండా చీర అంచు మడుస్తోంది. వెనకనుంచి ఎవరో, "పెద్దమిషను గడియారం ఒక ఏడాది వెనక్కి తిప్పేస్తే ముద్రకు ఇంకా గడువుందనుకుంటుంది కదండీ," అన్నారు. ఇద్దరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. "బావుందండి," అన్నాడాయన. "బాగనే ఉంది," అంది ఆమె. అందులో చుక్క ఓడలేదు, నాగలి గెలవలేదు, ఎవరి మనసూ నొచ్చుకోలేదు. చేతులెత్తమంటే అందరం ఎత్తాం. నేను కూడా ఎత్తాను.

6

రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పొద్దున స్వరూపక్క పిల్లల భోజనానికి గోంగూర తీసుకుపోవడానికి తోటగదికి వచ్చింది. ఆకు కోస్తూ అడిగాను, "అక్కా, గడియారం తిప్పితే నిజంగా సరిపోతుందా?"

ఆమె ఒక కాడ తీసుకుని ఆకులన్నీ దూసింది.

"ఏమో చెల్లె. పెద్దమనిషి బాగుందన్నడు గద."

"ఆయన మీరన్నారని అన్నాడేమో."

"అయ్యుండొచ్చు."

"మరి మీకేమనిపిస్తోంది?"

"నాకనిపించింది నలుగుట్ల ఎట్ల చెప్తం? ఆయన చిన్నబోతడు." కట్ట చంకలో పెట్టుకుని వెళ్లబోయి తలుపు దగ్గర ఆగింది. "గోడ మీదయితే చెప్తుంటి."

ఆమె వెళ్లాక నేను ఆకులు కోయడం మానేసి కూర్చున్నాను. ఈ ఊరికి ఎదురుగా నిలబడి ఆలోచించడం రాదు. మా వాళ్ల తెలివంతా పోట్లాటలో ఉంది, పోట్లాటంతా గోడ మీద ఉంది. సభలో తేలినదాన్ని గోడకెక్కించకూడదన్న కట్టుబాటు కూడా ఒకటుంది. దాన్ని కాపలాదారు తప్పితే ఇంకేమైనా ఉందా?

చేతులు కడుక్కుని, గోడ మీద కొత్త చర్చ తెరిచాను. పేరు ఇలా పెట్టాను: "గడియారం వెనక్కి తిప్పడం శుద్ధ తెలివితక్కువ పని. కాదని ఎవరైనా అనగలరా?"

7

అనగలరు. అన్నారు. గుడ్డలు ఉతికి వచ్చేసరికి గోడ నిండిపోయింది.

నేను అనుకున్నట్టే మొదటి దెబ్బ స్వరూపక్క కొట్టింది. "ఫ్యాన్లల్ల చిన్న చిప్పులుంటయి. వాటికి సొంత గడియారాలుంటయి. పెద్దమిషను పోయినేడు తారీఖు వేసి ఆజ్ఞ పంపితే పాత ఉత్తరమని పక్కకు పడేస్తయి. సభల చెయ్యెత్తిన నాలుగు వందల మందికి సున్నా మార్కులు. నాకు గూడ."

దాని కింద గవర్రాజు బాబాయ్ రాశాడు. "ఈ సంగతి నాకు నిన్ననే తెలుసు. టీచర్ గారు ఒప్పుకున్నారని ఊరుకున్నాను."

"మీరు ఒప్పుకున్నరని నేను ఊకున్న."

"అయితే మనిద్దరి మర్యాదకీ ఊరు ఊపిరాడక పోయేది."

 అప్పటికే మరో రెండు రోజుల్లో గడియారం తిప్పడానికి అంతా సిద్ధం చేసుకున్నారు.

హనీఫ్ గారు తోటగదికి వచ్చారు. ఆయనకు ఉబ్బసం, నడిచి వస్తే మాట రావడానికి సమయం పడుతుంది. మొహం ఎర్రగా ఉంది. "సభలో తేలిన మాటను గోడకెక్కిస్తావా ఇంద్రజా? రేపు నా మాటకు విలువేముంటుంది?" అన్నారు. నేను తెర ఆయన వైపు తిప్పాను. నిలబడే చదివారు. చదివి, బోర్లించిన నా బకెట్టు మీద కూర్చున్నారు.

"కానివ్వు," అన్నారు. "చెరపకు. ఎంత శ్రుతి మించినా చెరపకు."

సాయంత్రానికి నాగలికి మారక తప్పదని తేలింది. అదీ మర్యాదగా తేలలేదు. "నాగలి రోలు మీదైనా నడుస్తుంది," అని ఆయన. "రోలు మీద నడిచేది రోలుకు పనికొస్తది, గాలికి పనికిరాదు. ముందు బడిల ఉన్న పాత మిషను మీద నడిపి చూపియ్యిన్రి," అని ఆమె.

8

బడి మిషనును నా తోటగదికి తెచ్చారు, ఎందుకంటే చిన్న ఫ్యాన్లు వరసగా ఉన్నది ఇక్కడే. స్వరూపక్క రాలేదు. "నేనుంటే పెద్దాయనకు ఇబ్బంది," అంది. గవర్రాజు బాబాయ్ నాగలిని ఎక్కించి, ఫ్యాన్లకు తీగలు తగిలించి, "మూడో ఫ్యాను తిరగాలి, చూడమ్మా," అన్నాడు.

నాలుగోది తిరిగింది. నా కొత్తిమీర మొలకలన్నీ పడుకున్నాయి.

మళ్లీ చేశాడు. మళ్లీ నాలుగోదే. తీగలన్నీ విప్పి మళ్లీ కట్టాడు. రెండోదాన్ని పిలిస్తే మూడోది, చివరిదాన్ని పిలిస్తే ఏదీ లేదు. మర్నాడూ అంతే. అప్పటికి ఆయన మాట్లాడటం మానేశాడు. గోడ మీద కూడా ఏమీ రాయలేదు. ఆయన పేజీలు లేని గోడ నాకు ఎవరో ఖాళీ చేసిన ఇల్లులా అనిపించింది.

సొరకాయ పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. మంచం మీద తీగల చుట్ట పెట్టుకుని కూర్చున్నాడు.

"తీగల్లో లోపం లేదమ్మాయ్. మూడుసార్లు చూశాను," అన్నాడు. "నలభై ఏళ్లు నాగలి నాగలి అని అరిచాను. ఒక్కసారి నడిపి చూపించమంటే మొక్కలు పడగొట్టాను. టీచర్ గారు ఇంకేమీ అనకపోయినా నాకు వినపడతానే ఉంది."

"ఏం జరిగిందో గోడ మీద రాయనా బాబాయ్?"

చాలాసేపు తీగ చుట్టూ వేలు తిప్పాడు. "రాయమ్మా. పరువు మళ్లీ సంపాయించుకోవచ్చు. గాలి సంపాయించుకోలేం."

నాకు సాంకేతిక భాష రాదు. చూసింది చూసినట్టు రాశాను. మూడోదాన్ని పిలిస్తే నాలుగోది పలికింది, చివరిదాన్ని పిలిస్తే ఎవరూ పలకలేదు, మొదటిది ఎంతకీ తిరగలేదు అని.

స్వరూపక్క జవాబు వెంటనే వచ్చింది. "అయ్యో. ఫ్యాన్లు చుక్క లెక్క నేర్చుకున్నయి. వాటి పేర్లు సున్నా నుంచి మొదలైతయి. నాగలి మూడు అని పిలిస్తే మూడు అనే పేరున్నది పలికింది, అది వరసల నాలుగోది. సున్నా పేరున్నదాన్ని ఎవ్వరు పిలుస్తలేరు. ఇన్నేండ్ల సంది సున్నా అని నెత్తి నోరు కొట్టుకుంటున్న. పెద్దమిషనుకు మొదటి ఫ్యాను మొదటి వీధిది. అది మా బడి ఉన్న వీధి, పిల్లలకు గాలి అందకపోతుండె."

గవర్రాజు బాబాయ్ దాన్ని నా పక్కనే నిలబడి చదివాడు. ఒక్కసారిగా ఆయన మొహంలోకి రక్తం వచ్చింది. మంచం మీద చతికిలబడి టకటకా కొట్టడం మొదలుపెట్టాడు. మళ్లీ పేజీలు.

సారాంశం ఇది. ఫ్యాన్ల సంగతిలో టీచర్ గారు చెప్పింది నిజం. కానీ ఆ లెక్కన అన్నిటికీ ఒకటి తగ్గిస్తే కొంప మునుగుతుంది. వీధుల్లోకి గాలిని వదిలే, ఆపే తలుపులు తర్వాతి కాలంలో ఆయన తండ్రి పెట్టినవి, అవి ఒకటి నుంచే లెక్కపెడతాయి. ఫ్యాన్లకు తగ్గించాలి, తలుపులకు తగ్గించకూడదు.

"తలుపుల సంగతి నాకు తెల్వదు," అని ఆమె రాసింది. గోడ మీద ఆ మనిషి ఆ మాట రాయడం నేను చూడటం అదే మొదటిసారి. దాని కిందే, "అయినా సున్నాయే కరెక్టు," అని కూడా రాసింది.

9

ఈ రోజు మార్చాం.

పెద్దమిషనును ఆపి నాగలి ఎక్కించేంత సేపూ గాలిని చేత్తో నడపాలి. ప్రతి వీధిలోనూ గాలి తలుపుల దగ్గర ఇద్దరిద్దరు నిలబడ్డారు. పిల్లల్ని భోజనశాలకు తెచ్చారు, అది అన్నిటికన్నా పెద్ద గది. పిల్లలున్నారు కాబట్టి వంట ఆపలేదు. నేనూ హనీఫ్ గారూ తోటగది తలుపు దగ్గర ఉన్నాం. గోలగోడ వేరే చిన్న మిషను మీద నడుస్తుంది కాబట్టి అది మా చేతిలో వెలుగుతూనే ఉంది.

మిషను గదిలో గవర్రాజు బాబాయ్, స్వరూపక్క ఉన్నారు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో ఒకరి వైపు ఒకరు వీపు పెట్టేలా రెండు తెరల ముందు కూర్చోబెట్టింది నేనే. మాట్లాడుకోవద్దని, ఏమున్నా గోడ మీద తిట్టుకొమ్మని చెప్పాను. ఇద్దరూ ఎంతో నిశ్చింతగా తలూపారు.

"ఆపుతున్నా," అని ఆయన రాశాడు.

ఫ్యాన్లు ఆగాయి. పుట్టినప్పటినుంచీ ఆ హోరులోనే ఉన్నాం. అది ఆగాక గానీ అది ఉండేదని తెలియలేదు. భోజనశాలలో ఎవరో పిల్ల "అమ్మా, ఇదేం చప్పుడు?" అని అడగడం ఇక్కడికి వినిపించింది. ఆ పిల్ల అడిగింది నిశ్శబ్దం గురించి.

మేం తలుపు పిడి పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగుతున్నాం. గాలి బరువెక్కుతోంది. హనీఫ్ గారి ఛాతీలో పిల్లికూత మొదలైంది. కూర్చోమంటే కూర్చోరు. "నువ్వు గోడ చదువు, నేను లాగుతాను," అంటారు. నేను ఒక చేత్తో లాగుతూ చదివాను.

"మెల్లగ ఎక్కుతుంది. నత్త నయం."

"తొందరపడితే తప్పు దొర్లుద్ది. టీచర్లకి తెలియదా?"

"ఫ్యాన్ల లెక్క తగ్గించిన్రా?"

"తగ్గించాను."

"తలుపులయి?"

"తగ్గించలేదు. మీరు మళ్లీ చూడండి."

"చూసిన. బాగనే ఉంది."

"మర్యాదకి అంటన్నారా, నిజంగానా?"

 హనీఫ్ గారు పిడి వదలకుండా నా మొహం చూస్తున్నారు. అప్పుడు జవాబు వచ్చింది.

"మర్యాదకే అన్న. ఆగున్రి. రెండో వీధి తలుపుకు గూడ ఒకటి తగ్గించిన్రు. తీసెయ్యిన్రి."

"నిజమే. తీశాను. ఇంకోసారి చూడండి."

"ఇప్పుడు బాగుంది. ఇది మర్యాద కాదు."

"మొదలెడతన్నాను."

తెర అలాగే ఉండిపోయింది. ఏ చప్పుడూ లేదు. హనీఫ్ గారి భుజం పట్టుకున్నాను. ఆయన పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన అనుకుంటాను. నేను మొదటి వీధి గురించే ఆలోచిస్తున్నాను.

ముందుగా నాకు తుమ్ము వచ్చింది. ఎందుకో అర్థం కాలేదు. వెంటనే హనీఫ్ గారు తుమ్మారు. వీధి ఆ చివర ఎవరో, ఆ పక్కన ఇంకెవరో, వరసగా తుమ్ములు. కళ్లు మండాయి. వంటవాళ్లు పప్పులోకి ఎండుమిరపకాయల తాలింపు వేశారు. ఆ ఘాటు భోజనశాల దాటి, మొదటి వీధి మీదుగా, తోటగదికి వచ్చేసింది. గాలి నడిస్తే గానీ తాలింపు ఇంత దూరం రాదు.

"తిరుగుతోందమ్మా," అన్నారు హనీఫ్ గారు కళ్లు తుడుచుకుంటూ. అవి మిరపకాయల నీళ్లో, వేరే నీళ్లో నేను అడగలేదు. ఆ తర్వాత హోరు మొదలైంది. మొదటి వీధి, రెండో వీధి, ఆపైన మా వీధి.

గోడ మీద ఇలా ఉంది.

"మొదటి ఫ్యాను తిరుగుతోందండి, టీచర్ గారు."

"సున్నా ఫ్యాను."

10

నా వంతు ముగింపుకు వచ్చింది. ఇది చివరి నమోదు.

ముద్ర గడువు దాటిపోయింది, మాకు తెలియలేదు కూడా. తోటగదిలో కొత్తిమీర మళ్లీ వేశాను. మూడు వారాలుగా గోడ మీద పెద్దగా తగువులు లేవు. అందరూ అలసిపోయారు.

ఈ మధ్యాహ్నం మేం భోజనానికి కూర్చోగానే హనీఫ్ గారు ఒక కాగితంతో వచ్చారు. రోజూ పంపిన ఉత్తరాలు చివరికి కంపెనీలో ఒక మనిషికి చేరాయి. ఆ మనిషి తన పేరు రాసి క్షమాపణ చెప్పాడు. ఇలాంటి రాళ్ల మీద తమ మిషన్లు గాలి నడుపుతున్నాయని అక్కడ ఎవరికీ గుర్తులేదట. పాత చిప్పులకు మళ్లీ ముద్ర పంపుతామన్నాడు. పంపాడు కూడా.

హనీఫ్ గారు చదవడం ముగించి, "ఏం చేద్దాం?" అన్నారు.

స్వరూపక్క నీళ్ల గ్లాసు కింద పెట్టింది. "ముద్ర వచ్చింది గదా. మళ్ల చుక్కకు పోవుడే మంచిది. మనకు అలవాటైంది అదే," అంది.

గవర్రాజు బాబాయ్ ఆమెకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ముద్ద చేతిలో పట్టుకుని ఆగాడు. అలవాటు ప్రకారం "మీరు చెప్పాక ఇంకేముందండి" అంటాడని నేను ఎదురు చూస్తున్నాను.

"లేదండి టీచర్ గారు," అన్నాడు. "అది తప్పు."

భోజనశాలలో గరిటెల చప్పుడు ఆగిపోయింది. గవ్వలో ఒక మనిషి ఇంకో మనిషి మొహం మీద, అన్నం ముందు కూర్చుని, తప్పు అనడం ఎవరూ వినలేదు. ఆయనకే భయం వేసినట్టుంది. ముద్ద కంచంలో పెట్టేశాడు.

స్వరూపక్క ఆయన్ని తేరిపార చూసింది. ఆమె చిన్నబుచ్చుకుంటుందనుకున్నాను. ఆమె కంచం పక్కకు జరిపి, రెండు మోచేతులూ బల్ల మీద ఆనించింది.

"ఏంది తప్పు? చెప్పున్రి," అంది.

"చెప్తానండి. ఒకటి..."

"సున్నా నుంచి చెప్పున్రి."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె కూడా. అలా నవ్వుతూనే మొదలుపెట్టారు. పప్పు చల్లారింది. గొంతులు పెరిగాయి. చుట్టూ జనం బల్లలు లాక్కుని దగ్గరికి చేరారు, వెనకవాళ్లు బెంచీలెక్కారు. ఆయన ఒక మాట అంటే ఆమె మధ్యలోనే కొట్టిపారేస్తోంది. ఆమె మాట ఆయన పూర్తిగా విని, వేలు చూపించి మరీ కాదంటున్నాడు. ఎవరూ చిన్నబోలేదు. కంచాలు కడిగే వేళకు తేలింది. గాలి నాగలి మీదే ఉంటుంది. బడి మిషను మీద చుక్కను ముద్రతో సహా సిద్ధంగా ఉంచుతారు, ఏది మొండికేస్తే రెండోది అందుకోవడానికి. చేతులెత్తమన్నారు హనీఫ్ గారు. ఈసారి అందరూ ఎత్తలేదు, ముగ్గురు కాదన్నారు. ఆ ముగ్గురినీ లేచి నిలబడి ఎందుకో చెప్పమన్నారు. వాళ్లు చెప్పారు.

తోటగదికి తిరిగి వచ్చి, గోలగోడ తెరిచి చూశాను. పొద్దుటినుంచీ దాని మీద ఒక్క మాట కూడా లేదు. అందరూ ఇంకా భోజనశాలలోనే అరుచుకుంటున్నారు.